తల మీద కిరీటం, గుండె మీద గీత



ఆసుపత్రి ఆరోగ్య పత్రికలో అందాల పోటీల ప్రస్తావన ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. ఆ పోటీలు మంచివా, చెడ్డవా అన్న చర్చ ఇక్కడ పెట్టడం లేదు. ఆ విషయంలో ఇంట్లో పెద్దవారిది ఒక మాట, పిల్లలది ఒక మాట. అది అలాగే ఉండనివ్వండి. కిరీటం పెట్టుకున్న ఒక స్త్రీ ఆ తర్వాత ఏ పని చేపట్టింది, ఆ పని మన ఇళ్లలోని ఆడపిల్లల దాకా పూర్తిగా చేరాలంటే మనం ఏం చేయాలి అన్నదే ఈ నెల మా మాట.

కిరీటం దించిన తర్వాత

నమ్రతా శిరోద్కర్ అంటే మనవారిలో చాలామందికి మహేష్ బాబు భార్యగానే తెలుసు. అంతకు ముందు ఆమె ముంబయిలో పేరున్న మోడల్. 1993లో ఫెమినా మిస్ ఇండియా అయ్యారు. అదే ఏడాది మెక్సికోలో జరిగిన మిస్ యూనివర్స్ పోటీలో చివరి ఆరుగురిలో నిలిచారు. 2000లో వచ్చిన ‘వంశీ’ సినిమాలో మహేష్ బాబు సరసన నటించారు. 2005లో వారికి పెళ్లయింది. ఆ తర్వాత ఆమె నటన మానుకుని హైదరాబాదు కోడలిగా స్థిరపడ్డారు.

2006లో వారికి పుట్టిన కొడుకు నెలలు నిండకుండా పుట్టాడు. తమకు డబ్బుంది కాబట్టి బిడ్డ దక్కాడు, లేనివారి సంగతి ఏమిటన్న ఆలోచన అప్పుడే మొదలైందని మహేష్ బాబు పలుమార్లు చెప్పారు. ఆ ఆలోచనే తర్వాత మహేష్ బాబు ఫౌండేషన్ పనిగా మారింది. దాని వ్యవహారాలు చూసేవారిలో నమ్రత ముఖ్యులు. విజయవాడలోని ఆంధ్రా హాస్పిటల్స్‌తో కలిసి, పుట్టుకతో గుండె జబ్బు ఉన్న పేద పిల్లలకు ఉచితంగా ఆపరేషన్లు చేయిస్తున్నారు. 2025 నాటికి అలా వైద్యం పొందిన పిల్లల సంఖ్య 4,500 దాటిందని పత్రికలు రాశాయి. 2022లో హైదరాబాదులో రెయిన్‌బో పిల్లల ఆసుపత్రితో కలిసి కూడా ఇటువంటి పనికి చేయి కలిపారు. కృష్ణగారి సొంత ఊరు బుర్రిపాలెం, తెలంగాణలోని సిద్ధాపురం గ్రామాలను దత్తత తీసుకున్నారు. 2025లో విజయవాడలో తల్లిపాల బ్యాంకు ప్రారంభోత్సవానికి నమ్రత వెళ్లారు.

“సినిమావాళ్లు పేరు కోసం చేస్తారు” అనే మాట మనం వింటూనే ఉంటాం. కొందరు పేరు కోసం చేస్తారేమో. కానీ గుండెకు రంధ్రం ఉన్న ఆరు నెలల బిడ్డ, ఈ డబ్బు ఎవరు కట్టారు, ఏ ఉద్దేశంతో కట్టారు అని అడగదు. ఊపిరి తిరుగుతుందా లేదా అన్నదే దాని లెక్క. పేరు కోసమైనా సరే 4,500 మంది పిల్లలు బడికి పోతున్నారంటే, ఆ పేరు వారికి దక్కనివ్వవచ్చు.

అయితే దానం చేసేవారు ఎంత ఇచ్చినా, వారి చేయి ఒక చోట ఆగిపోతుంది. అది మన ఇంటి గడప. గడప లోపల ఏం జరుగుతుందో ఆ సంగతి మనమే మాట్లాడుకోవాలి.

70 మంది అబ్బాయిలు, 44 మంది అమ్మాయిలు

ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు 2011లో ఒక పరిశీలన ప్రచురించారు. పుట్టుకతో గుండె జబ్బు ఉండి ఆపరేషన్ అవసరమని చెప్పిన పిల్లల్లో ఎంతమంది నిజంగా చేయించుకున్నారో చూశారు. అబ్బాయిలలో నూటికి 70 మంది చేయించుకున్నారు. అమ్మాయిలలో నూటికి 44 మందే. జబ్బు ఒకటే, డాక్టరు చెప్పిన మాట ఒకటే. తేడా అంతా ఇంటికి వెళ్లాక వచ్చింది.

ఆ తేడా ఎందుకో ఓ.పి. గది బయట బెంచీ మీద కూర్చున్నవారి మాటలు వింటే తెలుస్తుంది. “ఆడపిల్ల కదమ్మా, ఎదురు రొమ్ము మీద అంత పొడుగు కోత పడితే రేపు ఎవరు చేసుకుంటారు?” అని నాయనమ్మ అంటుంది. “కొంచెం పెద్దదయ్యాక చూద్దాం” అని తండ్రి అంటాడు. తల్లి ఏమీ అనదు. మందుల చీటీ మడిచి పర్సులో పెట్టుకుంటుంది. వీరెవరూ బిడ్డను ప్రేమించనివారు కారు. బిడ్డ పెళ్లి కోసమే బిడ్డ వైద్యం ఆపుతున్నారు. ఇది క్రూరత్వం కాదు, భయం. భయం కనుకనే సరైన మాట చెబితే తొలగుతుందని మా నమ్మకం.

భయం తప్పు అని ఎందుకంటున్నామంటే

పుట్టుకతో వచ్చే గుండె జబ్బులలో ఎక్కువగా కనిపించేది గుండె గదుల మధ్య గోడలో రంధ్రం. మన దేశంలో ఏటా సుమారు రెండు లక్షల మంది పిల్లలు ఏదో ఒక గుండె లోపంతో పుడుతున్నారని డాక్టర్ల అంచనా. ప్రతి రంధ్రానికీ ఆపరేషన్ అక్కరలేదు. చిన్నవి చాలావరకు వాటంతట అవే మూసుకుపోతాయి. కొన్నింటిని తొడ దగ్గరి రక్తనాళం ద్వారా సన్నని గొట్టం పంపి, చిన్న బిళ్లతో మూస్తారు. అప్పుడు ఛాతీ మీద కోతే ఉండదు. కొన్ని మాత్రం ఛాతీ తెరిచి సరిచేయవలసిందే. ఏది దేనికి పనికివస్తుందో ఎకో పరీక్ష చూసిన గుండె డాక్టరు చెప్పాలి.

పెద్ద రంధ్రాన్ని అలాగే వదిలేస్తే ఏమవుతుంది? శరీరానికి పోవలసిన రక్తంలో కొంత ప్రతి కొట్టుకు ఊపిరితిత్తులలోకి మళ్లుతుంది. అక్కడి సన్నని రక్తనాళాలు ఆ ఒత్తిడికి తట్టుకోలేక గోడలు దళసరి చేసుకుంటాయి. రంధ్రం చాలా పెద్దదైతే రెండు, మూడేళ్లలోనే ఇది ముదిరిపోవచ్చు. కొంతకాలానికి రక్తం ఎదురు తిరుగుతుంది. చెడు రక్తం మంచి రక్తంలో కలిసి బిడ్డ పెదవులు, గోళ్లు నీలం అవుతాయి. ఆ స్థితికి వచ్చాక రంధ్రం మూయడం కుదరదు. మూస్తే ఇంకా ప్రమాదం. “పెద్దదయ్యాక చూద్దాం” అన్న మాటకు అర్థం చాలాసార్లు “ఇక చూడలేం” అని అవుతుంది.

పెళ్లి కోసం మచ్చ వద్దనుకున్న అమ్మాయి సంగతి ఆలోచించండి. ఛాతీ మీద గీత లేదు. ఫోటోలో బాగుంది. సంబంధం కుదిరింది. తర్వాత కడుపు పండింది. గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం మేర పెరుగుతుంది, గుండె ఆ బరువంతా మోయాలి. ఊపిరితిత్తుల ఒత్తిడి ముదిరిపోయిన స్త్రీకి గర్భం ప్రాణాంతకం. అటువంటివారిని డాక్టర్లు గర్భం దాల్చవద్దనే చెబుతారు. ఏ కాపురం కోసం మచ్చ దాచామో, ఆ కాపురంలోనే ఆమె ప్రాణం మీదికి వస్తుంది.

అదే పిల్లకు చిన్నప్పుడే సమయానికి రంధ్రం మూసి ఉంటే? మామూలు రంధ్రాలకు సమయానికి ఆపరేషన్ అయిన ఆడపిల్లల్లో చాలామంది అందరిలాగే చదువుతారు, ఆడతారు, పెళ్లి చేసుకుంటారు, పిల్లల్ని కంటారు. గర్భం దాల్చే ముందు గుండె డాక్టరుకు చూపించుకోవాలి. ఎముక అతుక్కోవడానికి ఆరు నుండి ఎనిమిది వారాలు పడుతుంది. గీత మొదట ఎర్రగా ఉండి, ఏడాది రెండేళ్లలో పాలిపోతుంది. కొందరికి మాత్రం మచ్చ ఉబ్బుగా ఉండిపోతుంది. దానికీ వైద్యం ఉంది. గీత పూర్తిగా పోతుందని మేము చెప్పము. పోనవసరం లేదనే చెబుతాము.

మచ్చల సంగతి మన సికింద్రాబాదు అమ్మాయికి తెలుసు

అందం గురించి మన సమాజం ఎంత కఠినంగా ఉంటుందో కిరీటం పెట్టుకున్నవారికే బాగా తెలుసు. 1997లో సేషెల్స్ దీవులలో ప్రపంచ సుందరి అయిన డయానా హేడెన్ మన జంట నగరాల ఆంగ్లో-ఇండియన్ కుటుంబం అమ్మాయి. సికింద్రాబాదు సెయింట్ ఆన్స్‌లో చదువుకుంది. ఆమె గెలిచిన ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత, 2018లో, అప్పటి త్రిపుర ముఖ్యమంత్రి ఆమెకు కిరీటం ఎందుకిచ్చారో అర్థం కావడం లేదని, భారతీయ అందమంటే ఆమెది కాదని బహిరంగంగా అన్నారు. తన చామనఛాయ గురించిన ఇటువంటి చిన్నచూపుతో చిన్ననాటి నుండి పోరాడుతూనే ఉన్నానని ఆమె జవాబిచ్చారు. తర్వాత ఆ ముఖ్యమంత్రి విచారం తెలిపారు.

ప్రపంచమంతా అందగత్తె అని ఒప్పుకున్న స్త్రీకే రంగు పేరిట మాట తప్పలేదు. మరి బోయిగూడలోనో, లాలాగూడలోనో పెరిగే మన పిల్లకు ఛాతీ మీద గీత ఉంటే ఎన్ని మాటలు? ఆ మాటలకు భయపడి వైద్యం ఆపితే, మాటలు అన్నవారే గెలిచినట్టు.

2025 మే 31న మన హైదరాబాదు హైటెక్స్‌లో ప్రపంచ సుందరి పోటీ జరిగింది. కిరీటం థాయిలాండ్ అమ్మాయి ఓపల్ సుచాతాకు వచ్చింది. ఆమెకు 16 ఏళ్ల వయసులో రొమ్ములో గడ్డ కనబడితే ఆపరేషన్ చేసి తీశారు. అదృష్టవశాత్తూ అది క్యాన్సర్ గడ్డ కాదు. అప్పటి నుండి రొమ్ము క్యాన్సర్ గురించి స్త్రీలకు తెలియజెప్పే పనిని ఆమె ఎంచుకుంది. ఆ పోటీవారు 1972 నుండి ‘బ్యూటీ విత్ ఎ పర్పస్’ పేరిట సేవా కార్యక్రమాన్ని కూడా పోటీలో భాగం చేశారు. వాటి ఆర్భాటం సంగతి ఎలా ఉన్నా, ఒక పాఠం మాత్రం మనకు పనికివస్తుంది. పదహారేళ్ల పిల్లకు గడ్డ కనబడితే దాచిపెట్టకుండా ఆపరేషన్ చేయించారు.  ఆపరేషన్ జరిగిన ఒంటితోనే ఆ పిల్ల ప్రపంచ వేదిక ఎక్కింది.

పేరున్నవారికి మా మనవి

నమ్రత వంటివారు చేస్తున్న పనిని మేము మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాము. ఆ మెచ్చుకోలుతో పాటు మూడు మనవులు.

మొదటిది. ఇంతమంది పిల్లలకు ఆపరేషన్ అయింది అని చెప్పేటప్పుడు, వారిలో అమ్మాయిలు ఎందరు, అబ్బాయిలు ఎందరు అన్నది కూడా విడిగా చెప్పాలి. ఫౌండేషన్లే కాదు, ఆపరేషన్ చేసే ప్రతి ఆసుపత్రీ చెప్పాలి. లెక్క కళ్లెదుట ఉంటేనే ఇళ్లలో మాట మొదలవుతుంది.

రెండవది. మచ్చ గురించి మాట్లాడండి. అందానికి కిరీటం పొందిన స్త్రీ నోట “ఈ గీత సిగ్గుపడవలసినది కాదు” అన్న మాట వస్తే, డాక్టరు పదిసార్లు చెప్పినదాని కంటే నాయనమ్మ చెవికి బాగా ఎక్కుతుంది. డబ్బు చాలామంది ఇవ్వగలరు. ఈ మాట వారు మాత్రమే ఇవ్వగలరు.

మూడవది. వైద్యం పొందిన బిడ్డ ఫోటో, పేరు పత్రికకెక్కించే ముందు ఆ బిడ్డ ఇరవై ఏళ్ల తర్వాత ఏమనుకుంటుందో ఆలోచించండి. సాయం పొందినంత మాత్రాన ఆ బిడ్డ ముఖం ప్రకటన కాగితం కాకూడదు. మచ్చకు సిగ్గుపడవద్దని చెప్పడం వేరు, అడగకుండా మచ్చను చూపించడం వేరు.

తల్లిదండ్రులు గమనించవలసినవి

ఈ క్రింది వాటిలో ఏ ఒక్కటి కనబడినా పిల్లల డాక్టరుకు చూపించండి.

- పాలు తాగుతూ మధ్యమధ్యలో ఆగిపోవడం, ఆయాసపడడం, నుదుట చెమట పట్టడం
- నెలలు గడుస్తున్నా సరిగా బరువు పెరగకపోవడం
- మాటిమాటికీ న్యుమోనియా, ఎగశ్వాస, పక్కటెముకలు లోపలికి పోవడం
- ఏడ్చినప్పుడు గానీ మామూలుగా గానీ పెదవులు, నాలుక, గోళ్లు నీలంగా మారడం
- నడిచే పిల్లలు కాస్త ఆడగానే అలసి గొంతుక్కూర్చోవడం

పెదవులు, నాలుక నీలంగా ఉండి బిడ్డ ఊపిరికి ఇబ్బంది పడుతుంటే మరునాటి దాకా ఆగవద్దు. వెంటనే అత్యవసర విభాగానికి తీసుకురండి.

కొందరు పిల్లల్లో ఏ గుర్తూ కనబడదు. డాక్టరు స్టెతస్కోపుతో వింటే శబ్దం తేడాగా ఉంటుంది. ఆ శబ్దం ఉన్న ప్రతి బిడ్డకూ జబ్బు ఉందని కాదు. ఎకో పరీక్షలో తేలుతుంది. అది కడుపులో బిడ్డను చూసే స్కానింగ్ వంటిదే. సూది లేదు, కోత లేదు.

డబ్బు గురించి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీలో పిల్లల గుండె ఆపరేషన్లు మొదటి నుండీ ఉన్నాయి. తెలంగాణలో 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. 2013లో మొదలైన కేంద్ర ప్రభుత్వ బాల ఆరోగ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి. వారు రాసిచ్చిన చీటీని పారేయవద్దు. కార్డు లేనివారు, కార్డులో పేరు లేని పిల్లల తల్లిదండ్రులు ఆసుపత్రిలోని ఆరోగ్యశ్రీ కౌంటరు దగ్గర ఆరోగ్యమిత్రను అడగండి.

ఆపరేషన్ అయ్యాక కూడా పని ఉంది. చెప్పిన తేదీకి మళ్లీ చూపించాలి. పళ్లు శుభ్రంగా ఉంచాలి, ఎందుకంటే పుచ్చు పళ్ల నుండి సూక్ష్మక్రిములు రక్తంలో చేరి గుండెకు పట్టవచ్చు. పళ్లు పీకించేటప్పుడు, ఏ చిన్న ఆపరేషన్‌కైనా ముందు, గుండె ఆపరేషన్ అయిన సంగతి తప్పక చెప్పాలి. మచ్చ దాచేవారు ఈ సంగతి కూడా దాస్తారు. అక్కడే ప్రమాదం.

మన సంఘం చేయగలది

ఉచిత ఆపరేషన్ అన్నా ఖర్చు ఉంటుంది. జనగామ నుండో, నల్గొండ నుండో బిడ్డను తీసుకుని వచ్చిన తండ్రికి పదిహేను రోజుల కూలి పోతుంది. ఇంట్లో మిగతా పిల్లలను చూసేవారు ఉండరు. రక్తం కావాలంటే ఈ ఊళ్లో తెలిసినవారు ఉండరు. ఇందులో ఏదీ ఫౌండేషన్ చెక్కు తీర్చేది కాదు. ఒక సీసా రక్తం, రెండు పూటల భోజనం, వారం రోజులు పక్కింటి పిల్లలను మన పిల్లలతో పాటు బడికి పంపడం, ఇవి కిరీటం లేనివారు చేయగల సేవలు. మన యువజనులలో రక్తం ఇవ్వగలవారు తమ గ్రూపు రాయించి ఉంచితే చాలు.

ఇంకొక మాట పెద్దలతో. మన కుటుంబాల మధ్య సంబంధాలు చూసేది మీరే. అమ్మాయి చదువు, గుణం అడుగుతారు, రంగు కూడా అడుగుతారు. ఇక మీదట ఎవరైనా “ఆ పిల్లకు చిన్నప్పుడు గుండె ఆపరేషన్ అయిందట” అని గుసగుసగా చెబితే, “మంచిది, సమయానికి చేయించారు, డాక్టరు ఏమన్నారు?” అని గట్టిగా అడగండి. మీరు అలా ఒక్కసారి అంటే, ఆ మాట విన్న పది ఇళ్లలో ఎక్కడో ఒక పసిబిడ్డ ఆపరేషన్ తేదీ ముందుకు వస్తుంది. కొడుకులకు పెళ్లి చేయబోయే తల్లులారా, ఈ విషయంలో మీ మాటకున్న బలం ఏ సుందరి మాటకూ లేదు.

మీ ఇంట్లో అటువంటి బిడ్డ ఉంటే, పాత చీటీ, పాత ఎకో కాగితం ఎక్కడున్నా వెతికి తీయండి. ఎన్నేళ్లు గడిచినా సరే, “ఇప్పుడెందుకు తెచ్చారు” అని గద్దించకుండా చూడవలసిన బాధ్యత మాది. బిడ్డను తీసుకురావలసిన బాధ్యత మీది. అమ్మాయి అయితే ఇంకా ముందుగా తీసుకురండి.